లోయ నుంచి నది ఒడ్డుకి ముప్పై అయిదు నిమిషాలు

మా పాత ఆఫీసువాళ్లు ఎక్కడ నలుగురు కలిసినా నా గురించి ఒక కథ చెప్పుకుంటారు. చీకటి పడే వేళ కొండల్లోకి ఎగరబోతున్న విమానాన్ని నేను కలకత్తాలో కూర్చుని ఒక్క మాటతో ఆపేశానట. అందులోవాళ్ల ప్రాణాలు నా వల్లే మిగిలాయట. ఆ విమానంలో రావలసినవాడు నాకు కాబోయే మొగుడైనా సరే నేను లెక్కచెయ్యలేదట. చివర్లో ఎవరో ఒకరు "డ్యూటీ అంటే అదీ" అని మట్టి టీకప్పు కింద పెడతారు. మా ఆయనైతే ఈ కథని అందరికంటే బాగా చెప్తారు. "ఆవిడ ఆ రోజు ఆ విమానం ఆపబట్టి కదండీ నాకు పెళ్లయింది" అని చుట్టాలని నవ్విస్తారు. నవ్వనివ్వండి. ఆయన తప్పేమీ లేదు, ఆయన విన్నది అదే.

కానీ ఇది తప్పు కథ. వరసగా చెప్తాను, వినండి. విమానాన్ని ఆపే అధికారం నాకు లేదు, అది కెప్టెన్‌ది. నేను చెప్పింది ఒక అంకె, ఒక వాక్యం. ప్రాణాలు నిజంగా ప్రమాదంలో ఉన్నాయో లేదో ఈనాటికీ ఎవరికీ తెలియదు. కాబోయే మొగుడన్నది వట్టి కల్పన. మా మధ్య పెళ్లి అనే మాట ఒక్కసారి కూడా రాలేదు. ఇక డ్యూటీ సంగతి. నేను భోజనం గంట కోసం మేనేజరుతో మూడు వారాలు పోట్లాడినదాన్ని. డ్యూటీ కోసం మనుషుల్ని వదులుకునేంత ఉదాత్తురాలిని నేనెప్పుడూ కాను.

మొన్న మా చెల్లెలి కూతురు కంప్యూటరు ముందు కూర్చుని ఏ రెండు ఊళ్ల పేర్లు కొట్టినా వాటి మధ్య దూరమెంతో, విమానంలో ఎంతసేపో చెప్పే పేజీ చూపించింది. "పెద్దమ్మా, నువ్వు ఇదే పని కదా చేసేదానివి? ఇప్పుడిది క్షణంలో అయిపోతుంది" అంది. సరే, కొట్టమని నా రెండు ఊళ్లూ చెప్పాను. ముప్పై అయిదు నిమిషాలని వచ్చింది. నాకు ఒళ్లు మండింది. ఇన్నేళ్లు గడిచాయి, యంత్రం మారింది, అబద్ధం మాత్రం మారలేదు. అందుకే ఇది రాస్తున్నాను. ఉద్యోగాల్లో కొత్తగా చేరిన పిల్లలు చదివితే మంచిదే. చదవకపోయినా నేను చెప్పేది చెప్తాను.

మాది కలకత్తాలో గార్డెన్ రీచ్. నాన్న శ్రీకాకుళం జిల్లా నుంచి వచ్చి డాకులో ఓడల సరుకెత్తే వించి నడిపేవాడు. నేను లెక్కల్లో బి.ఎస్సీ. చేశాను. ఎనభైల్లో, ఈశాన్య కొండల్లోకి చిన్న విమానాలు నడిపే ఒక కంపెనీలో నాకు ఉద్యోగం వచ్చింది. ఆఫీసు దమ్‌దమ్ విమానాశ్రయంలో ఒక మూల, రేకుల కప్పు కింద. ఊరికి ఈ కొస నుంచి ఆ కొసకి రెండు బస్సులు మారి వెళ్లేదాన్ని. ఆ చిన్న విమానంలో ఇరవై మంది కూడా పట్టరు. మొదటి వరసలో కూర్చున్నవాళ్లకి కెప్టెన్ మెడ మీద చెమట కనిపిస్తుంది.

నా పని విమానం ఎప్పుడు ఎక్కడుంటుందో లెక్కకట్టడం, రేడియోలో దానితోనూ, అది దిగే చోట్లతోనూ మాట్లాడటం. ఆ మార్గంలో రెండు మారుమూల స్ట్రిప్పులు, అంటే విమానం దిగే చదును నేలలు, ఉండేవి. అసలు పేర్లు ఇక్కడెందుకు? ఒకటి కొండల మధ్య లోయలో, ఇంకొకటి దానికి తూర్పున, కొండలు దిగి మైదానంలోకి వచ్చే ఒక పెద్ద నది ఒడ్డున. ఆఫీసులో మేమూ వాటిని లోయ, నది అనే పిలిచేవాళ్లం. విమానం పొద్దున్న కలకత్తాలో లేచి, గౌహతిలో ఆగి, లోయకి వెళ్లి, లోయ నుంచి నదికి వెళ్లి, మళ్లీ గౌహతి మీదుగా సాయంత్రానికి తిరిగి వచ్చేది. లోయలోనూ, నది దగ్గరా దీపాలు లేవు. గాలి ఎటు వీస్తోందో చూపించే ఒక గుడ్డ గొట్టం, ఒక గుడిసె, ఒక రేడియో, పశువుల్ని తోలడానికి ఒక మనిషి, అంతే. సూర్యుడు దిగాక అక్కడ విమానం దిగకూడదు.

లోయ నుంచి నదికి ముప్పై అయిదు నిమిషాలని టైంటేబుల్లో అచ్చు వేశారు. హెడ్డాఫీసులో ఎవరో మహానుభావుడు మ్యాపు మీద స్కేలు పెట్టి ఒక గీత గీసి, దాన్ని విమానం వేగంతో భాగించాడు. ఆ గీత మధ్యలో ఒక కొండవరస ఉంది. మా దగ్గర ఒక ముసలి కెప్టెన్ ఉండేవాడు, పూర్వం వైమానిక దళంలో పనిచేసినవాడు. ఆ కొండవరసలో ఒక సందు ఆయనకి తెలుసు. మబ్బు లేని రోజున ఆ సందులోంచి దూరి ముప్పై అయిదు నిమిషాలకే చేరిపోయేవాడు. తక్కిన ఏ పైలట్ అయినా ఒక ఏటి వెంట మైదానంలోకి దిగి, ఇంకో ఏటి వెంట పైకి వెళ్లాల్సిందే. అది యాభై అయిదు నిమిషాలు. ఈ సంగతి నేను హెడ్డాఫీసుకి ఎన్నిసార్లు చెప్పానో లెక్కలేదు. "మ్యాపులో అలా లేదు కదా మేడం" అనేవాళ్లు. మ్యాపులో కొండలకి గోధుమరంగు వేస్తారండీ, అలంకారానికి కాదు.

సూర్యాస్తమయం గొడవ ఇంకొకటి. దేశమంతా ఒకటే గడియారం. కానీ సూర్యుడు హెడ్డాఫీసు చెప్పిన టైముకి దిగడు. నది దగ్గర చలికాలంలో మా కన్నా అరగంట ముందే దిగిపోతాడు. హెడ్డాఫీసువాళ్లు అన్ని స్ట్రిప్పులకీ కలిపి ఒకే ముగింపు వేళ పంపేవాళ్లు, వాళ్ల ఊరి సూర్యుడిని చూసుకుని. మా షిఫ్టు పెద్దని, బెంగాలీలో అన్నయ్యని పిలిచినట్టు, అందరం దాదా అనేవాళ్లం. యూనియన్‌లో గట్టి మనిషి, దేవుణ్ణి నమ్మనని రోజుకోసారి ప్రకటించేవాడు. ఆయన మాత్రం గోడకి బెంగాలీ పంజికా, అంటే పంచాంగం, దారం కట్టి వేలాడదీసేవాడు. అందులో కలకత్తా సూర్యాస్తమయం చూసి, తూర్పుకి పోయినకొద్దీ ఎంత తగ్గించాలో నన్ను లెక్కవెయ్యమనేవాడు. ఆ లెక్కనే అందరం టేబులు అనేవాళ్లం.

"దేవుడు లేడు గానీ దేవుడి పుస్తకం కావాలా దాదా?" అని అడిగాను ఒకసారి.

"పుస్తకం సూర్యుడిది. సూర్యుడు ఏ పార్టీలోనూ లేడు. నువ్వు తీసివేతలు చెయ్యి" అన్నాడు.

నది దగ్గర రేడియో ఆపరేటర్ తెలుగువాడని నాకు చాలాకాలం తెలియదు. రేడియోలో అందరిదీ ఒకటే ఇంగ్లీషు, ముక్కులోంచి వచ్చే అంకెలు. ఒకరోజు విమానం ఆలస్యమై, దాదా వెనక నుంచి అదేపనిగా అరుస్తుంటే విసుగొచ్చి, మైకు మీట నొక్కి ఉన్న సంగతి మరిచిపోయి, "ఏటి ఈయన గోల" అన్నాను. కాసేపు గరగర. తరవాత అటు నుంచి నెమ్మదిగా, "ఏటయింది? ఎవులు గోల సేస్తన్నారు?"

దాదా గోల సంగతి వదిలేసి, మీదే ఊరని అడిగాను.

అతను ఇచ్ఛాపురం దగ్గరివాడు, ప్రభుత్వ విమానయాన శాఖ ఉద్యోగి. నాకన్నా రెండేళ్లు పెద్ద. నది దగ్గర మూడో చలికాలం అట. రేడియోలో సొంత మాటలు మాట్లాడకూడదని రూలు. అందుకని విమానం లేచాక, దిగేలోపు, అధికారికమైన మాటల చివర ఒక్క వాక్యం తగిలించేవాడు. "ఈ దినం నీరు పచ్చగుంది." "పశువులు తోలీవోడికి జొరం, నానే తోలేను." "ఇక్కడ ఉప్పుసేప దొరకదు, కలలోకొస్తంది." నేనూ ఒక వాక్యం ఇచ్చేదాన్ని. లోడ్ షెడ్డింగ్ అనో, బస్సులో నా కాలు తొక్కినవాడితో తగువాడాననో. "గెలిసేవా?" అని అడిగేవాడు. ఎప్పుడూ అదే అడిగేవాడు. మొదట్లో మీరు అనుకునేవాళ్లం, ఎప్పుడు నువ్వు అయిందో గుర్తులేదు.

రోజుకి ఒక వాక్యం. నవ్వకండి. ఇప్పుడు మీరు పొద్దస్తమానం ఫోనులో మాట్లాడుకునే మాటలన్నీ కలిపినా ఒక వాక్యం బరువు తూగవు. ఆ వాక్యం ఏమై ఉంటుందా అని నేను బస్సులో దమ్‌దమ్ దాకా ఆలోచించేదాన్ని. తిరిగి వచ్చేటప్పుడు దాన్నే తిరగేసి చూసుకునేదాన్ని. అతని ముఖం నాకు తెలియదు. ఆ నది తెలుసు, దాని రంగు ఏ నెలలో ఎలా మారుతుందో తెలుసు. నది మధ్యలో తెల్లటి ఇసుక తిన్నెలు ఉంటాయని తెలుసు. స్ట్రిప్పుకి పడమటి వైపు దగ్గర్లో కొండల్లేవు, నీరూ ఇసుకా అంతే. ఇవన్నీ అతను ఒక్కొక్క వాక్యంగా పంపినవే.

మా అమ్మకి ఈ సంగతి నేనే చెప్పాను. దాచడం నాకు చేతకాదు.

"ఏటే, ఆ మనిసికి ముకం ఉందా నేదా?" అంది.

"ఉండే ఉంటుంది."

"ఉండే ఉంటాదా! గొంతుకి అన్నం ఎలగెట్టమంటావే?"

ఆ డిసెంబరులో అతనికి బదిలీ అయింది, పడమటి తీరంలో ఏదో చిన్న విమానాశ్రయానికి. అతని స్థానంలోకి వచ్చే మనిషి అప్పటికే నది దగ్గరికి చేరి పని నేర్చుకుంటున్నాడు. ఒక రోజు చివరి వాక్యంగా, "గురువారం విమానంలో ఒస్తన్నాను. మీ ఇంటికి బోజనానికొస్తే మీ అమ్మ తిడతాదా?" అన్నాడు. నేను అడిగి చెప్తానన్నాను. అమ్మ తిట్టలేదు. ఖిదిర్‌పూర్ బజారంతా తిరిగి మంచి నెత్తళ్లు తెచ్చి ఎండబెట్టింది. "ఉప్పుసేప కలలోకొస్తందన్నాడు కదే, పాపం" అంది. గొంతుకి అప్పుడే ఆకలి కూడా వచ్చేసింది ఆవిడ లెక్కలో.

గురువారం పొద్దున్న నేను నీలంరంగు చీర కట్టుకుని వెళ్లాను. దాదా చీర వైపు ఒకసారి చూసి, పంజికా పేజీ తిప్పాడు.

ఆ రోజు ఊళ్లో పెద్ద ఊరేగింపు ఉంది. ఆ రోజుల్లో ఊరేగింపు లేని వారం ఉండేదా? రోడ్లన్నీ ఎర్రజెండాలు. ముసలి కెప్టెన్ కారు ఎక్కడో దాని మధ్యలో ఇరుక్కుపోయింది. ఒక గంట చూశాం. రెండో గంట గడుస్తుంటే దాదా చెవులు ఎర్రబడ్డాయి, ఎందుకంటే ఆ ఊరేగింపు ఆయన పార్టీదే.

"మీవాళ్లని కొంచెం పక్కకి జరగమని చెప్పండి దాదా" అన్నాను.

"మావాళ్లా? నీ భోజనం గంట ఎవరు తెచ్చారు? మావాళ్లే కదా!"

"తెచ్చింది నేను. మీరు జెండా పట్టుకున్నారు."

చివరికి విమానాశ్రయంలోనే ఉన్న ఇంకో కెప్టెన్‌ని పంపారు. కుర్రవాడు కాదు, అనుభవం ఉన్నవాడే, కానీ పడమటి మార్గాల నుంచి కొత్తగా వచ్చాడు. గౌహతి దాకా తెలుసు, లోయకి ఒక్కసారి వెళ్లాడు, నదికి ఎప్పుడూ వెళ్లలేదు. ఆయన దగ్గర ఉన్నది అచ్చేసిన టైంటేబులు. విమానం లేచేసరికే ఎంత ఆలస్యమో నేను మనసులో కూడుకున్నాను. గౌహతిలో ఇంకొంచెం కూడింది. లోయలో దిగేసరికి మా గడియారంలో ఇంకా మధ్యాహ్నమే, బయట కలకత్తా ఎండ కళ్లలో గుచ్చుతోంది. నది దగ్గర మాత్రం సూర్యుడు కిందికి వాలుతున్నాడు.

లోయ నుంచి కెప్టెన్ పిలిచాడు. "నదికి ముప్పై అయిదు నిమిషాలని ఉంది నా కాగితంలో. నిజమేనా?"

ఎంత మర్యాదగల ప్రశ్నో చూడండి. అన్నేళ్లలో ఆ అంకె నిజమేనా అని నన్ను అడిగిన మొదటి మనిషి ఆయన.

"కాదు. సందు తెలిసినవాళ్లకి మాత్రమే అది. మీకు యాభై అయిదు" అన్నాను.

"సూర్యాస్తమయం?"

పంజికా చూశాను. తీసివేత చేశాను. మళ్లీ చేశాను. దాదా నా భుజం మీంచి చూసి తల ఊపాడు. విమానం నది మీదికి చేరేది సూర్యుడు దిగిన పది నిమిషాలకి. అదే చెప్పాను.

అప్పుడు అతను కలగజేసుకున్నాడు. అందరం ఒకే ఫ్రీక్వెన్సీలో ఉన్నాం, అంతా వింటూనే ఉన్నాడు. "నది నుంచి మాట్లాడుతున్నాను. ఆకాశం నిర్మలంగా ఉంది. వెలుగు బాగుంది. సూర్యుడు దిగిన తరవాత కూడా ఇక్కడ చాలాసేపు వెలుగుంటుంది" అన్నాడు, అధికారికమైన ఇంగ్లీషులో. గొంతు ఏమాత్రం తొణకలేదు. రోజూ ఎలా చెప్పేవాడో అలాగే చెప్పాడు.

కెప్టెన్ నాతో అన్నాడు, "పది నిమిషాలంటే వెలుగు నిజంగా ఉంటే ప్రయత్నిస్తాను. నాకు ఆ చోటు తెలియదు. ఆ మనిషీ తెలియదు. మీకు తెలుసా? అతని మాట మీద వెళ్లొచ్చా?"

దాదా నా వైపు చూడటం మానేసి కిటికీలోంచి బయటికి చూడసాగాడు.

మీరే చెప్పండి, నేను ఏమనాలి? ఆ మనిషి ఎన్ని ఉదయాలు వాతావరణం చెప్పాడో, ఒక్కరోజు కూడా తప్పు కాలేదు. వానొస్తుందంటే వచ్చింది. మబ్బు వీడుతుందంటే వీడింది. వేరే ఏ రోజైనా కెప్టెన్ ఆ మాట అడిగితే, కళ్లు మూసుకుని వెళ్లమనేదాన్ని. కానీ ఆ రోజు అతను రావాలి. అతనికి రావాలని ఉంది. అంతకన్నా పెద్ద చిక్కు, నాకు అతను రావాలని ఉంది. అతని మాట నమ్మమని నాలో గోల చేస్తున్నది అతని మూడేళ్ల నిజాయితీయా, నా నీలంరంగు చీరా? దాన్ని తేల్చుకోవడానికి నాకు దొరికింది కెప్టెన్ ఊపిరి తీసుకునేంత వ్యవధి.

నేను మైకు నొక్కి అన్నాను, "అతను ఈ విమానంలో ప్రయాణికుడు."

అంతే. అబద్ధం కాదు. అతను మంచివాడు కాదనలేదు, వెలుగు లేదనలేదు. కెప్టెన్‌కి తెలియాల్సిన సంగతి తెలియజేశాను. ఇప్పటికీ ఎవరైనా వాదించడానికి వస్తే అదే చెప్తాను. ఓడిపోను కూడా.

"అర్థమైంది. గౌహతికి తిరిగి వెళ్తున్నాను" అన్నాడు కెప్టెన్.

గరగర. తరవాత నది నుంచి తెలుగులో, మామూలు గొంతుతోనే: "నీ టేబులు అక్కడుంది. నానిక్కడున్నాను."

నేను జవాబు చెప్పబోయాను. ఏం చెప్పేదాన్నో తెలియదు, ఏదో ఒక వాదన నా నాలుక చివర ఎప్పుడూ ఉంటుంది. అతను ఆగలేదు. "ఇసకింకా మెరుస్తంది" అన్నాడు. అది ఆ రోజు వాక్యం. తరవాత ఇంగ్లీషులో, నది సెలవు తీసుకుంటోందని చెప్పి సెట్టు కట్టేశాడు.

ఆ సాయంత్రం దాదా నన్ను బస్టాపు దాకా దిగబెట్టాడు. దారిలో ఒక్కసారే మాట్లాడాడు. "తీసివేత సరిగ్గానే చేశావు" అన్నాడు. అది ఓదార్పు అనుకున్నాడు పాపం.

ఇంటికి వెళ్లేసరికి అమ్మ నెత్తళ్ల పులుసు పొయ్యి మీంచి దించి, గుమ్మంలో నిలబడి నా వెనక చూసింది.

"రానేదా?"

"రాలేదు. విమానం అక్కడికి వెళ్లలేదు."

"ఎవులాపీసినారు?"

"నేనే." నిజానికి అది తప్పని పైన మీకు చెప్పాను. అమ్మ ముందు మాత్రం అదే నోటికొచ్చింది. జరిగిందంతా చెప్పాను. ఆవిడ నాకు అన్నం పెట్టి, ఎదురుగా కూర్చుంది.

"రోజూ నిజం సెప్పీవోడు ఆ ఒక్క దినం అబద్దం సెప్తాడేటే?"

"ఆ ఒక్క రోజే అతనికి అవసరం వచ్చింది."

"పొద్దు దిగిపోతే ఎంటనే సీకటైపోద్దేటి? మన గంగొడ్డున సూడు, పొద్దు పోయినా నీళ్లలో ఎంతసేపుంటాదో ఎలుగు. మీ నాయన ఆ ఎలుగులోనే ఇంటికొచ్చీవోడు కాదేటి?"

"గంగ వేరు, అది వేరు. అక్కడ వెనక కొండలున్నాయి."

"పడమటేపు నేవన్నావు కదే."

మా అమ్మ బడి మొహం చూడలేదు. వాదన ఎవరి దగ్గర నేర్చుకున్నానో మీకు ఇప్పుడు తెలిసే ఉంటుంది. మర్నాడు సాయంత్రం నేను గంగ ఘాటు మెట్ల దగ్గరికి వెళ్లి నిలబడ్డాను. పంజికా చెప్పిన వేళకి సూర్యుడు అవతలి ఒడ్డు మిల్లుల వెనక దిగిపోయాడు. ఆ తరవాత కూడా నీటి మీద పడవవాడి ముఖం నాకు కనిపిస్తూనే ఉంది. కానీ ఇది హుగ్లీ, మా అమ్మ గంగ అనేది. దీనికీ దానికీ ఏం పోలిక? ఇక్కడ పొగ, అక్కడ పొగ లేదు. ఇక్కడ బురద, అక్కడ ఇసుక. ఇలా ఎంతసేపు వాదించుకున్నానో, నా పక్కన ఎవరూ లేరు.

తరవాత వారమంతా కొండల్లో మబ్బు. విమానం నదికి వెళ్లలేదు. వెళ్లిన రోజున రేడియోలో వేరే గొంతు, ఒరియా యాస ఇంగ్లీషు. పాత ఆపరేటర్ ఏడని అడిగాను. కొత్త చోట డ్యూటీలో చేరే తేదీ దాటిపోతుందని జీపులో, పడవలో, రైల్లో వెళ్లిపోయాడట.

రైల్లో. అంటే హౌరా మీదుగా. అటు నుంచి పడమటి తీరానికి పోయే ఏ మనిషైనా హౌరాలో దిగి బండి మారాల్సిందే. మా మేనమామ హౌరా పక్కనే టికియాపారాలో రైల్వే మనిషి, అతన్ని అడిగాను. ఆ బండికీ ఈ బండికీ మధ్య మధ్యాహ్నమంతా ఖాళీయే అన్నాడు. హౌరా నుంచి గార్డెన్ రీచ్‌కి ఒక్క బస్సు. అతను ఎక్కలేదు. పెట్టె మీద కూర్చుని టీ తాగి, తన బండి ఎక్కి వెళ్లిపోయి ఉంటాడు. నాకు కోపం రావాల్సింది. నా మాట వినకుండా పోయినవాళ్ల మీద నాకు మామూలుగా చాలా కోపం. ఇతని మీద మాత్రం రాలేదు. నలుగురి ముందు ఒక మనిషి మాటని పక్కన పెట్టేశాక, ఆ మనిషి ఉప్పుచేప కోసం వస్తాడా?

అతని కొత్త ఊరికి మా కంపెనీ విమానం లేదు. రేడియో అంతదూరం అందదు. వేరే దారులు లేకపోలేదు. ఎవరి ద్వారానైనా కబురు పంపొచ్చు. ఏమని పంపను? క్షమించమనా? నేను తప్పు చెయ్యలేదు. నిజం చెప్పమనా? మళ్లీ నమ్మనని ఒప్పుకున్నట్టే కదా. రెండేళ్లు ఈ వాదనలోనే పోయాయి. తరవాత ఇంట్లో సంబంధం చూశారు. ఆయన మంచివారు, నవ్వుతారు, నవ్విస్తారు. ఆయన ముఖం నాకు మొదటిరోజే తెలుసు.

ఇక ఆ వెలుగు సంగతి. దొరికిన ప్రతి పైలట్‌నీ అడిగాను. ముసలి కెప్టెన్ గడ్డం గోక్కుని, "ఆ తిన్నెలు వెలుగుని పట్టి ఉంచుతాయి, నిజమే. నేను టేబులు చెప్పిన వేళ దాటి ఒకసారి దిగాను, ఎవరికీ చెప్పకు" అన్నాడు. ఇంకొకాయన, "చలికాలంలో కొండమీద పొలాలు తగలబెడతారు. ఆ పొగ దిగిందంటే ఏం కనిపిస్తుంది?" అన్నాడు. ఆ రోజు వెళ్లిన కెప్టెన్‌నే ఒకసారి పట్టుకున్నాను. లోయలో లేచి వెనక్కి తిరుగుతున్నప్పుడు తూర్పువైపు చూశానన్నాడు. "ఎలా ఉంది?" అని అడిగాను. "నీలంగా ఉంది" అన్నాడు. నీలమంటే ఏ నీలం?

కొన్నాళ్లకి ఆ మార్గం గిట్టుబాటు కాదని ఆపేశారు, తరవాత కంపెనీ కూడా మూతపడింది. నేను ఇన్నాళ్లూ ఎప్పుడో ఒకసారి అక్కడికి వెళ్లి, డిసెంబరు సాయంత్రం ఆ స్ట్రిప్పు మీద నిలబడి చూడాలనుకున్నాను. గౌహతి దాకా ఒకసారి వెళ్లాను కూడా. అక్కడి నుంచి తిరిగి వచ్చేశాను. ఎందుకంటే వెళ్లినా నాకు కనిపించేది నేను వెళ్లిన రోజు సాయంత్రం. నాకు కావలసింది ఆ గురువారంది. అది చూసినవాడు ఒక్కడే.

ఇది అచ్చయ్యాక ఎక్కడో, ఏ పడమటి ఊళ్లోనో రిటైరై ఒక మనిషి చదువుతాడని నేననుకోవడం లేదు. తెలుగు పుస్తకాలు ఇప్పుడు ఎవరు చదువుతున్నారు? కానీ చదివితే మాత్రం, ఇంత రాసింది అతను క్షమించాలని కాదు, నన్ను సమర్థించుకోవడానికీ కాదు. వినేవాళ్లెవరూ లేని ఫ్రీక్వెన్సీలో ఒక్క వాక్యం అడుగుతున్నాను, జవాబు ఏదైనా ఈసారి నేను వాదించను.

నువ్వు సెట్టు కట్టేసి, పెట్టె పట్టుకుని, రాని విమానం కోసం స్ట్రిప్పు చివర నిలబడే ఉంటావు. సూర్యుడు దిగి పది నిమిషాలయ్యాక ఆ ఇసుక ఇంకా మెరుస్తూనే ఉందా?